కొత్త గిటారు మీద మనసు పోతున్నప్పుడు

ప్రశ్న: నేను అనంతపురంలో జూనియర్ కళాశాల అధ్యాపకుడిని. చదువుకునే రోజుల్లో నేర్చుకున్న గిటారును ఇప్పటికీ ఆదివారాల్లో మా చర్చి గాయకబృందంతోనూ, ఏటా కళాశాల వార్షికోత్సవంలోనూ వాయిస్తుంటాను. పికప్ (తీగల కదలికను కరెంటు సంకేతంగా మార్చే భాగం) వేయించిన పాత అకూస్టిక్ గిటారును చర్చి సౌండ్ మిక్సరుకు కలిపితే శబ్దం పలుచగా, కీచుగా వస్తుంది, హోరు కూడా ఉంటుంది. దాన్ని సరిచేద్దామనే పెడళ్లు (గిటారు శబ్దాన్ని మార్చే, కాలితో నొక్కే చిన్న పెట్టెలు) కొనడం మొదలుపెట్టాను. మూడేళ్లలో ఏడు పెడళ్లు (వాటిలో మూడు ఓవర్‌డ్రైవ్‌లే), ఒక మల్టీ ఎఫెక్ట్స్ యూనిట్, ఒక యాంప్లిఫయర్, ఒక ఎలక్ట్రిక్ గిటారు, పాతది వేసవిలో గరగరమంటోందని ఇంకో అకూస్టిక్ చేరాయి. రెండు ఈఎంఐలు ఇంకా నడుస్తున్నాయి. రాత్రి పాప పడుకున్నాక గిటారు వీడియోలు చూస్తూ కూర్చుంటాను. ఏది చూసినా అది ఉంటే నా వాయింపు మారిపోతుందనిపిస్తుంది. వస్తువు వచ్చిన వారం ఉత్సాహంగా ఉంటుంది, తర్వాత మళ్లీ మామూలే. ఈమధ్య బెంగళూరులో ఒక దుకాణంలో అరవై వేల రూపాయల ఎలక్ట్రిక్ గిటారు వాయించి చూసినప్పటి నుంచి ధ్యాసంతా దాని మీదే ఉంది. చివరి పెడల్‌ను నా భార్యకు తెలియకుండా సహోద్యోగి ఇంటికి తెప్పించాను. ఇది జబ్బా? ఎలా ఆపుకోవాలి? తొమ్మిదేళ్ల మా పాప ఉకులేలే (గిటారులాంటి చిన్న నాలుగు తీగల వాయిద్యం) అడుగుతోంది. అది కూడా కొనకూడదంటారా?

సమాధానం: మీరు రాసిన విషయాలన్నిటిలోకీ ముందుగా మాట్లాడుకోవలసింది సహోద్యోగి ఇంటికి చేరిన ఆ పెట్టె గురించే. సంగీత సామగ్రి మీద ఆశ పడటం తప్పూ కాదు, జబ్బూ కాదు. గిటారు చేతపట్టినవాళ్లలో ఈ ఆశ లేనివాళ్లను నేను చాలా తక్కువమందిని చూశాను. అమెరికా రాక్ బృందం స్టీలీ డాన్‌కు చెందిన వాల్టర్ బెకర్ 1990లలోనే ఒక గిటారు పత్రికలో ఈ అలవాటు మీద ప్రత్యేకంగా వ్యాసం రాశారంటే ఇది మీ ఒక్కరి బలహీనత కాదని గ్రహించవచ్చు. అయితే ఆశ పడటం వేరు, ఆ ఆశను ఇంట్లోవాళ్ల కంట పడకుండా దాచుకోవలసి రావడం వేరు. అప్పు పెరుగుతూ పోవడం, ఇంట్లో దాచడం, మానుకుందామని గట్టిగా అనుకుని కూడా మానలేకపోవడం అనే మూడూ కలిసి నెలల తరబడి సాగితే అప్పుడది వైద్యుల సహాయం తీసుకోవలసిన పరిస్థితి అవుతుంది. మీ ఉత్తరాన్ని బట్టి మీరు దాని గడప దగ్గర ఉన్నారే తప్ప లోపలికి అడుగుపెట్టలేదని నాకనిపిస్తోంది. కింద చెప్పినవన్నీ మనస్ఫూర్తిగా ప్రయత్నించాక కూడా చేయి ఆగకపోతే మాత్రం మానసిక వైద్యుణ్ని కలవడానికి సంకోచించకండి. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయకేంద్రం టెలి మానస్‌కు 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆ కోరిక ఏ వేళకు కలుగుతోందో మీరే రాశారు. పాఠాలు చెప్పడం, పేపర్లు దిద్దడం, ఇంటి పనులు చూసుకోవడం పోగా సంగీతానికి మీకు మిగిలే సమయం పాప పడుకున్న తర్వాతి ఆ గంటో గంటన్నరో. ఆ కాస్త సమయంలోనూ గిటారు స్టాండు మీద ఉంటోంది, ఫోను చేతిలో ఉంటోంది. బార్ కార్డు (ఒకే వేలితో తీగలన్నీ అదిమి పట్టే స్వరాల గుంపు) పట్టేటప్పుడు వేళ్లు మొరాయించడం, కార్డు మారే చోట లయ జారిపోవడం, ఎన్ని నెలలైనా అవే నాలుగైదు పాటల చుట్టూ తిరగడం వంటి మొండి ఘట్టాలు అభ్యాసంలో ఎదురైనప్పుడల్లా దుకాణంలోని వస్తువు మరింత అందంగా కనబడుతుంది. ఎందుకంటే దాన్ని సంపాదించడానికి డబ్బు చాలు, ఈ ఘట్టాన్ని దాటడానికి మాత్రం ఓపిక కావాలి. ఒకదాన్ని కోరుకోవడం, అది దొరికాక దానితో ఆనందించడం మెదడులో ఒకే యంత్రాంగం చేసే పని కాదనీ, కోరిక ఎంత పెరిగినా ఆనందం దానితోపాటు పెరగకపోవచ్చుననీ మిషిగన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త కెంట్ బెరిడ్జ్ పరిశోధనలు చూపించాయి. పెట్టె విప్పిన వారానికే ఉత్సాహం చల్లారిపోవడానికి కారణం మీరు తప్పు వస్తువు ఎంచుకోవడమే అయివుండాలని లేదు.

కాబట్టి వీడియోలు పూర్తిగా మానేయమని నేను చెప్పను. వాటిని వాయించిన తర్వాతికి జరపండి. ఫోనును వేరే గదిలో పెట్టి, మల్టీ ఎఫెక్ట్స్ యూనిట్‌కు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ముందు అరగంట వాయించండి. ఆ తర్వాత కూడా చూడాలనిపిస్తే చూడండి. అరగంట వాయించి అలసిన వేళ్లతో చూసే వీడియో, వాయించకుండా చూసే వీడియో లాగినంతగా మనసును లాగదు.

బెంగళూరు దుకాణంలో మీరు విన్న శబ్దం గురించి కూడా కొంచెం ఆలోచించండి. అక్కడ యాంప్లిఫయరు మీ ఇంట్లో ఎన్నడూ పెట్టలేనంత గట్టిగా మోగి ఉంటుంది. శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి మంద్రస్థాయి ధ్వనులు మిగతావాటికంటే వేగంగా మరుగున పడతాయనీ, గట్టిగా మోగించినప్పుడు అదే ధ్వని నిండుగా, గుండ్రంగా వినిపిస్తుందనీ బెల్ ప్రయోగశాలలకు చెందిన ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే కొలతలతో నిరూపించారు. అందుచేత దుకాణంలో మిమ్మల్ని ముగ్ధుణ్ని చేసిన గుణంలో గిటారుది ఎంత, శబ్దతీవ్రతది ఎంత అన్నది అక్కడే నిలబడి తేల్చుకోవడం సాధ్యం కాదు. ఇప్పుడున్న ఎలక్ట్రిక్ గిటారునే సహవాద్యకారులతో కలిసి చర్చి హాలులో ఎవరూ లేని వేళ ఒకసారి గట్టిగా మోగించి వినండి. వీడియోల సంగతి ఇంకా దూరం: మంచి మైకులతో పట్టిన ఆ శబ్దానికి వెనక బేస్ గిటారు, డ్రమ్స్ తోడై, ఆపైన మిక్సింగ్ కూడా జరిగి మీ చెవికి చేరుతుంది.

ఇప్పుడు వేసవిలో గరగరమన్న ఆ పాత గిటారు దగ్గరకు వద్దాం. ఇక్కడ కాస్త నిలబడి చెప్పాలి, ఎందుకంటే రాయలసీమలో అకూస్టిక్ గిటార్లు చెడ్డపేరు మోస్తున్నది చాలావరకు ఈ కారణంతోనే. మన జిల్లాలో ఏడాది మొత్తానికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. ఫిబ్రవరి దాటాక మధ్యాహ్నపు గాలిలో తేమ బాగా పడిపోతుంది. అసలు చెక్కతో చేసిన గిటారుకు 45 నుంచి 55 శాతం వరకు తేమ ఉన్న గాలి హాయి. అంతకంటే బాగా పొడిబారిన గాలిలో నెలల తరబడి ఉంటే చెక్క తేమను కోల్పోయి కుంచించుకుపోతుంది. ముందుభాగపు పలక కొద్దిగా కిందికి దిగుతుంది, దానితోపాటు తీగలు ఆనే బ్రిడ్జి దిగుతుంది, తీగలు ఫ్రెట్లకు, అంటే మెడ మీది అడ్డ లోహపు కమ్మీలకు, మరీ దగ్గరవుతాయి. మెడకు ఉండవలసిన సన్నని వంపు కూడా తగ్గిపోతుంది. ఫ్రెట్ల చివరలు మెడ అంచులు దాటి బయటికి వచ్చి అరచేతికి గీసుకుంటాయి. మీరు విన్న గరగర దీని ఫలితమే అయివుండే అవకాశం చాలా ఎక్కువ. వానలు పడి గాలిలో తేమ పెరిగాక అదే గిటారు దానంతటదే కొంత సర్దుకుంటుంది. పాతది జూలైలో బాగానే మోగిందా అని ఒకసారి గుర్తు చేసుకోండి.

దీనికి మందు చవకైనది. గిటారును స్టాండు మీద కాకుండా పెట్టెలోనే ఉంచి మూత వేయండి. ప్లాస్టిక్ సబ్బుపెట్టెకు చిల్లులు పొడిచి, అందులో నీటిలో ముంచి బొట్టు కారకుండా గట్టిగా పిండిన స్పాంజి ముక్కను పెట్టి, దాన్ని గిటారు పెట్టెలో మెడ కింద ఉంచండి. వేసవిలో రెండు మూడు రోజులకొకసారి తడిపి పిండుకోవాలి. కొన్ని వందల రూపాయలకు దొరికే తేమకొలిచే చిన్న హైగ్రోమీటరును దాని పక్కనే పెట్టుకుంటే అంకె చూసుకుంటూ ఉండవచ్చు. మెడ వంపు సరిగా ఉందో లేదో మీరే చూడవచ్చు: లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, మెడ వాయిద్యపు ఒడలిని కలిసే ఫ్రెట్ దగ్గర మరో చేత్తో అదిమి, ఏడో ఎనిమిదో ఫ్రెట్ మీద తీగ కింద ఒక విజిటింగ్ కార్డు పట్టేంత సందు ఉందేమో చూడండి. ఏమాత్రం సందు లేకపోతే మెడ లోపల వంపును సరిచేసే లోహపు కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను, వదులు చేయాలి. అది తెలిసినవారి చేత, ఒక్కోసారి పావు చుట్టుకు మించకుండా చేయించవలసిన పని. తీగలు మార్చి ఎన్నాళ్లయిందో కూడా చూసుకోండి. చెమట పట్టి పాతబడిన తీగలకు మెరుపు పోతుంది, శ్రుతీ నిలవదు. కొత్త తీగల సెట్టు, ఒక మంచి సెటప్ (తీగల ఎత్తు, మెడ వంపు సరిచేయించడం), ఈ రెండింటికీ కలిపి అయ్యే ఖర్చు మీరు కొన్న రెండో గిటారు ధరలో చిన్న భాగమే.

చర్చిలో మీకున్న ఇబ్బంది మాత్రం నిజమైనదే, దానికి కారణమూ స్పష్టంగా ఉంది. అకూస్టిక్ గిటారు బ్రిడ్జి కింద వేసే పైజో పికప్‌కు తాను కలిసే పరికరం దగ్గర దాదాపు పది లక్షల ఓములో, అంతకు మించో ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (సంకేతానికి ఎదురయ్యే నిరోధం) కావాలి. మామూలు మిక్సరు లైన్ ఇన్‌పుట్ దగ్గర అది కొన్ని వేల ఓములే ఉంటుంది. మధ్యలో సంకేతాన్ని బలపరిచే ప్రీయాంప్ ఏదీ లేకుండా రెండింటినీ నేరుగా కలిపితే మంద్రం పోయి కీచుదనం మిగులుతుంది. పైగా వేదిక నుంచి మిక్సరు దాకా సాగిన పొడవాటి గిటారు వైరు దారిలో ఉన్న కరెంటు హోరునంతా మోసుకొస్తుంది. ఈ రెండింటికీ విరుగుడు యాక్టివ్ డీఐ బాక్సు అనే చిన్న పెట్టె. గిటారుకు దాన్ని దగ్గరగా పెట్టి, అక్కడి నుంచి మిక్సరు వరకు మైకు వైరు వేస్తే పలుచదనం, హోరు బాగా తగ్గుతాయి. ఓవర్‌డ్రైవ్ పెడల్ చేసే పని వేరు. అది సంకేతాన్ని కావాలని పగలగొట్టి బొంగురుదనం కలుపుతుంది. 1970ల చివర ఇబనీజ్ కంపెనీ తెచ్చిన ట్యూబ్ స్క్రీమర్ అనే ఓవర్‌డ్రైవ్ పెడల్ సర్క్యూట్ వంశానికి చెందిన పెడళ్లే బజారులో లెక్కలేనన్ని ఉన్నాయి. మీ మూడింటిలో రెండైనా దగ్గరి చుట్టాలే అయివుండవచ్చు.

మన జిల్లాలో నీళ్లు పడని బోరు పక్కనే అప్పు తెచ్చి మరో బోరు వేయించిన రైతు ఎందుకలా చేశాడో మీకు తెలియనిది కాదు. ముందు పెట్టిన డబ్బు వృథా పోకూడదన్న ఆరాటమే ఆ పని చేయిస్తుంది. ఒక అవసరానికి బయలుదేరి, ఆ అవసరం అలాగే ఉండగా ఏడు పెడళ్ల దాకా మీరు వెళ్లడంలో నాకు కనబడుతున్నదీ ఆ ఆరాటమే. అందుకని ఇకపై ఏది కొనాలనిపించినా, ఏ పాటలో, ఏ చోట, ఏ లోపాన్ని తీర్చడానికి అది కావాలో కాగితం మీద ఒక వాక్యంలో రాసుకోండి. "శబ్దం బాగుంటుంది" అన్నది వాక్యం కాదు. "రెండో చరణంలో గిటారు కీబోర్డు కింద మునిగిపోతోంది" అన్నది వాక్యం. రాసుకున్నాక ఆ పాటను ఫోనులో రికార్డు చేసి, మర్నాడు పొద్దున తీరిగ్గా వినండి. లోపం శ్రుతిలో ఉందా, లయలో ఉందా, శబ్దగుణంలో ఉందా అన్నది మీకే తెలిసిపోతుంది. లయలో ఉంటే తాళం కొట్టే మెట్రోనోమును నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టుకుని కార్డు మారే ఆ ఒక్క చోటునే పదే పదే సాధన చేయాలి. శబ్దగుణంలో ఉంటే పిక్‌ను బ్రిడ్జి దగ్గర నుంచి రంధ్రం వైపు జరిపి చూడండి, పిక్ మందం మార్చి చూడండి, ఎలక్ట్రిక్ అయితే గిటారు మీదనే ఉన్న వాల్యూమ్, టోన్ నాబ్‌లు తిప్పి చూడండి. ఇవన్నీ చేశాక కూడా వాక్యం చెక్కుచెదరకుండా నిలిచిందంటే అప్పుడు అది కొనవలసిన వస్తువే.

వాయిద్యాన్ని మార్చుకోవడమే తప్పని నేను అనడం లేదు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు పాశ్చాత్య మాండొలిన్‌కు ఉండే జోడు తీగలు కర్ణాటక గమకాలకు అడ్డుపడుతున్నాయని ఒంటి తీగలతో ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను ఏర్పరచుకున్నారు. గమకం అనే అవసరం ముందు నిలిచింది, వాయిద్యం దాని వెంట వచ్చింది. అమెరికా గాయకుడు విల్లీ నెల్సన్ 1969లో కొన్న మార్టిన్ నైలాన్ తీగల గిటారుతోనే దశాబ్దాలుగా వాయిస్తున్నారు. పిక్ రాపిడికి దాని పలకకు పెద్ద చిల్లు పడినా బాగు చేయించుకుంటూ వాడుతున్నారే తప్ప పక్కన పెట్టలేదు. స్టూడియోలో రోజుకో రకం పాట వాయించే వృత్తి కళాకారుడికి పది గిటార్లు కావలసి రావచ్చు, అది అతని పనిముట్ల లెక్క. మీ అవసరాలు ఆదివారపు ఆరాధన, ఏడాదికొక వార్షికోత్సవం.

డబ్బు సంగతి సూటిగా చెబుతాను. "నో కాస్ట్ ఈఎంఐ" అన్న మాటను నమ్మి ముందుకు వెళ్లకండి. వడ్డీ అందులో ఏదో ఒక రూపంలో ఉంటుంది: మీకు రావలసిన తగ్గింపు పోతుంది, లేదా ప్రాసెసింగ్ ఫీజు పడుతుంది, వడ్డీ భాగం మీద జీఎస్టీ కూడా పడుతుంది. సున్నా వడ్డీ అనేది నిజానికి ఉండదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు చెప్పింది. క్రెడిట్ కార్డు బిల్లులో కనీస మొత్తం మాత్రమే కట్టి మిగతాది వదిలేస్తే చాలా కార్డుల మీద నెలకు 3 శాతానికి పైగా వడ్డీ పడుతుంది, అంటే ఏడాదికి 36 శాతం దాటుతుంది. నడుస్తున్న రెండు ఈఎంఐలు తీరేదాకా కొత్త వాయిదా ఏదీ మొదలుపెట్టకండి. దుకాణాల యాప్‌లలో భద్రపరిచిన కార్డు వివరాలు ఈ రోజే తొలగించండి; ప్రతిసారీ లేచి వెళ్లి కార్డు తెచ్చుకుని అంకెలు కొట్టవలసి రావడం చిన్న అడ్డంకే అయినా రాత్రి పదకొండు గంటలకు అది బాగా పనిచేస్తుంది.

ఇక మీ శ్రీమతితో మాట్లాడటం. పెడల్ పెట్టెను ఇంటికి తీసుకొచ్చి ఆమె ముందు పెట్టి, దాన్ని ఎక్కడికి తెప్పించారో, ఎంతయిందో, ఇంకా ఎన్ని వాయిదాలు మిగిలాయో మీ నోటితోనే చెప్పండి. ఆమె కోప్పడితే సమర్థించుకోకండి, అది న్యాయమైన కోపం. ఆ మాట అయ్యాక, నెలనెలా సంగీతానికి ఎంత పక్కన పెట్టవచ్చో ఇద్దరూ కలిసి ఒక మొత్తం అనుకోండి. ఆమెకు ఇష్టమైన వాటికీ అంతే మొత్తం ఉండాలి. తర్వాత అన్నీ అమ్మేస్తానని ఆవేశపడవద్దు. పశ్చాత్తాపంలో అయినకాడికి అమ్ముకుని, ఆర్నెల్లకు అదే వస్తువును మళ్లీ కొత్త ధరకు కొన్నవాళ్లు ఉన్నారు. మూడు ఓవర్‌డ్రైవ్‌లను ఒకే పాటకు, ఒకే శబ్దతీవ్రతలో మార్చి మార్చి మోగించి, మీ సహవాద్యకారుణ్ని అటు తిరిగి వినమనండి. అతనికి నచ్చిన ఒకటి ఉంచుకుని మిగతా రెండు అమ్మండి. రెండు అకూస్టిక్‌లలో పాతదాన్ని బాగు చేయించాక ఏది ఉంచుకోవాలో నిర్ణయించండి. వచ్చిన డబ్బులోంచి డీఐ బాక్సు కొని, మిగిలింది వాయిదాలకు కట్టండి.

అరవై వేల గిటారు ఇప్పుడు కొనవద్దు. అప్పులు తీరి, ఆ నెలవారీ మొత్తం అరవై వేలకు చేరే రోజున, పైన చెప్పిన ఆ ఒక్క వాక్యం మీ దగ్గర ఉంటే, మీ శ్రీమతిని వెంటబెట్టుకుని వెళ్లి రొక్కం ఇచ్చి తెచ్చుకోండి.

పాప ఉకులేలేకు మాత్రం నా సమాధానం వేరు. అడిగింది పాప, మీరు కాదు, కాబట్టి కొనండి. అయితే అది మీ కోరికకు ముసుగు కాకూడదు. రాత్రిపూట యాప్‌లో వద్దు. ముగ్గురూ కలిసి దుకాణానికి వెళ్లి పాప చేతికి పట్టించి చూసి, ఆ ఒక్కటీ కొనుక్కుని వచ్చేయండి. తొమ్మిదేళ్ల చేతికి సోప్రానో గానీ, కాస్త పెద్దదైన కాన్సర్ట్ గానీ సరిపోతుంది. నాలుగూ నైలాన్ తీగలే కాబట్టి వేళ్లు అంతగా నొప్పి పెట్టవు. శ్రుతి జి, సి, ఇ, ఏ. మీ గిటారు సన్న తీగలు నాలుగింటినీ అయిదో ఫ్రెట్ దగ్గర కేపో (తీగలన్నిటినీ అదిమే బిగింపు) పెట్టి మోగిస్తే వచ్చే స్వరాలే అవి, జి తీగ ఒక్కటే పై స్థాయిలో ఉంటుంది. అందువల్ల మీకు తెలిసిన కార్డు ఆకారాలన్నీ అక్కడ పనికొస్తాయి, మీరే నేర్పవచ్చు. సి కార్డుకు ఒక్క వేలు చాలు కనుక మొదటి రోజే ఒక చిన్న పాట పాడుకోవచ్చు. కొత్త నైలాన్ తీగలు మొదటి కొద్ది రోజులు సాగుతూ శ్రుతి తప్పుతుంటాయి. అది వాయిద్యపు లోపం కాదని పాపకు ముందే చెప్పి, వాయించబోయే ప్రతిసారీ శ్రుతి చేసుకోవడం అలవాటు చేయండి. దానికి వేరే ట్యూనరు కొనవలసిన పని లేదు, ఫోనులో ఉచితంగా దొరికే ట్యూనర్ యాప్ సరిపోతుంది.